పాత ట్రాక్టర్‌కి ప్యాకింగులు ఇంట్లోనే కోసుకోవచ్చా? ఏవి కోయాలి, ఏవి కొనాలి

మీరు అడిగింది ఇదీ: ఎప్పుడో తయారీ ఆగిపోయిన పాత డీజిల్ ట్రాక్టర్‌ని పూర్తిగా విప్పి బాగుచేస్తున్నారు. ప్యాకింగుల సెట్, అంటే రెండు లోహ భాగాల మధ్య కారకుండా పెట్టే గ్యాస్కెట్లు, ఎక్కడా దొరకడం లేదు. పాతవి విప్పేటప్పుడే ముక్కలైపోయాయి. టైమింగ్ కవర్ (ఇంజను ముందు గేర్ల మీది మూత), ఆయిల్ చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), వాటర్ పంపు, హైడ్రాలిక్ లిఫ్ట్ పైకవర్, వీటికి ప్యాకింగులు సొంతంగా కోసుకోవచ్చా, ఏ షీటు వాడాలి, డబ్బా అట్ట పనికొస్తుందా, అన్నిటికీ సిలికాన్ పూసేస్తే సరిపోదా అని.

కోసుకోవచ్చు. మీరు చెప్పిన నాలుగూ ఇంట్లో కోసుకోదగ్గవే, జాగ్రత్తగా కోస్తే కంపెనీవాటికి ఏమాత్రం తీసిపోవు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్యది) మాత్రం కొనండి లేదా చేసిచ్చేవాళ్లకి పురమాయించండి. అట్టని నమూనా గీసుకోవడానికే వాడండి, ఇంజనులో పెట్టకండి. సిలికాన్ కొన్ని మూలలకి మంచిదే కానీ అన్ని చోట్లా పూస్తే మీరు పడ్డ కష్టమంతా పాడవుతుంది. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది: కత్తెర పట్టుకునే ముందు పాత ప్యాకింగు మందం కొలవండి. ఆకారం తప్పితే బిగించేటప్పుడే కనిపిస్తుంది, ఇంకోటి కోసుకుంటారు. మందం తప్పితే ఇంజను నడిచాక, ఏదో అరిగాక తెలుస్తుంది.

మందం గురించే ముందు చెబుతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు. టాపెట్ కవర్ (ఇంజను పైన వాల్వుల మీది మూత) దగ్గర ప్యాకింగు పని ఆయిల్ కారకుండా చూడటం, అంతే. అక్కడ అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. కానీ కొన్ని చోట్ల ప్యాకింగు మందమే ఒక సెట్టింగు. ఆయిల్ పంపు మూత కింద పలచటి కాగితం ఉంటే, లోపలి గేర్లకీ మూతకీ మధ్య ఎంత సందు ఉండాలో అదే నిర్ణయిస్తుంది. ఆ సందు మామూలుగా మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. అక్కడ 0.5 మి.మీ. షీటు పెడితే పంపు తిరుగుతూనే ఉంటుంది కానీ ఆయిల్ పక్కనుంచి వెనక్కి జారిపోతుంది, ప్రెషర్ రాదు. కొన్ని పంపుల్లో అసలు ప్యాకింగే ఉండదు, లోహం మీద లోహం కూర్చుంటుంది. అలాంటి చోట "ఎందుకైనా మంచిది" అని కాగితం పెట్టడం కూడా నష్టమే.

నా దగ్గరికి ఒక ట్రాక్టర్ ఇలాగే వచ్చింది. ఇంజను మొత్తం కొత్త బేరింగులతో కట్టారు, అయినా వేడెక్కగానే ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది. బేరింగులు మళ్లీ మార్చాలేమో అని యజమాని టెన్షన్ పడుతున్నాడు. చాంబరు దించి పంపు మూత విప్పితే లోపల చేత్తో కోసిన మందపాటి షీటు, కోత మాత్రం ఎంతో శుభ్రంగా ఉంది. దాని బదులు సరైన పలచటి కాగితం పెట్టగానే ప్రెషర్ నిలబడింది.

వాటర్ పంపులో ఇంపెల్లర్‌కీ (నీటిని తోసే రెక్కల చక్రం) బాడీకీ మధ్య దూరం, డీజిల్ ఫీడ్ పంపు కింద ప్యాకింగు వల్ల దాని లివర్ ఎంత కదులుతుందనేది, స్టీరింగ్ బాక్సు పక్కమూత, ఇరుసు చివర బేరింగు మూత, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి. ఫీడ్ పంపు కింద మందం పెరిగితే లివర్ స్ట్రోకు తగ్గి డీజిల్ తక్కువ వస్తుంది. బేరింగు మూత కింద మందం తగ్గితే బేరింగు బిగుసుకుని కాలుతుంది, పెరిగితే ఇరుసు అటూ ఇటూ ఆడుతుంది. ఇంజెక్షన్ పంపు ఫ్లాంజి (బోల్టులు పడే అంచు) కింద షిమ్ములతో, అంటే పలచటి రేకులతో, డీజిల్ ఎప్పుడు చిమ్మాలనే టైమింగ్ సెట్ చేసే ఇంజన్లు కొన్ని ఉన్నాయి, అక్కడైతే షిమ్ము మందమే టైమింగు.

మరి పాతది ముక్కలైపోతే ఎలా కొలవాలి? ఒక్క ముక్క మిగిలినా చాలు. మైక్రోమీటరుతో రెండు చోట్ల చూడండి. బోల్టు పక్కన నలిగిన చోటు ఇప్పటి మందం చెబుతుంది. లోపలి అంచున రెండు లోహాల మధ్య పడకుండా బయటికి పొడుచుకొచ్చిన సన్నటి పేలిక ఒకటి ఉంటుంది చూడండి, అది ఎప్పుడూ నలగలేదు. ఆయిల్ పీల్చి కాస్త ఉబ్బి ఉంటుంది కానీ అసలు షీటు ఎంత మందమో ఇంచుమించుగా అదే చెబుతుంది. పాత మాన్యువల్స్‌లో కొలతలు ఎక్కువగా అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి. ఒక వెయ్యో వంతు అంటే 0.025 మి.మీ., కాబట్టి 10 అని ఉంటే 0.25 మి.మీ. షీటు.

ముక్క కూడా మిగలకపోతే, బేరింగు మూతల దగ్గర ఇంకో దారి ఉంది. ప్యాకింగు లేకుండా మూత పెట్టి, షాఫ్టు తిప్పుతూ, బేరింగులో ఆట పోయేదాకా మాత్రమే బోల్టులు సమంగా, నెమ్మదిగా బిగించండి. మూతకీ హౌసింగుకీ మధ్య మిగిలిన సందుని ఫీలర్ గేజ్‌తో మూడు నాలుగు చోట్ల కొలవండి. మాన్యువల్ కొంత ఆట ఉండాలంటే అది కలపండి, ప్రీలోడ్ (ఆట లేకుండా ముందే కొంత బిగువు) కావాలంటే అంత తీసేయండి. నలిగాక అంత మందం నిలిచే ప్యాకింగు అక్కడ కావాలి.

ఇప్పుడు ఇంట్లో కోయకూడనివి. హెడ్ గ్యాస్కెట్ మొదటిది. మండే గ్యాసుని, కూలెంట్‌ని, ప్రెషర్‌లో ఉన్న ఆయిల్‌ని ఒకే రేకుతో మూడు వేర్వేరు దారుల్లో ఆపాలి. సిలిండరు చుట్టూ ఉండే లోహపు రింగుని ఇంట్లో చేయలేం. దాని మందం మారితే కంప్రెషన్ మారుతుంది, కొన్ని డీజిల్ ఇంజన్లలో పిస్టన్‌కీ వాల్వులకీ మధ్య ఖాళీ కూడా మారుతుంది. పాతది చూపిస్తే రాగితో గానీ కాంపోజిట్‌తో గానీ కొత్తది చేసిచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లని వెతకండి.

రెండోది, తడి లైనర్ల (చుట్టూ కూలెంట్ తగిలే, విడిగా తీయగలిగే సిలిండరు గొట్టాలు) కింద ఉండే ప్యాకింగులు. 1946 నుంచి 1956 దాకా వచ్చిన ఫెర్గుసన్ టీఈ20 ట్రాక్టర్లలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ ఇంజను ఉన్నవాటికి లైనర్ల అడుగున 8 అంకె ఆకారంలో ప్యాకింగులుంటాయి. లైనరు బ్లాకు కంటే ఎంత పైకి నిలబడాలో అవే నిర్ణయిస్తాయి. ఆ ఎత్తు కొన్ని వెయ్యో వంతుల అంగుళమే. అక్కడ కాగితం పెడితే నలిగి లైనరు కిందికి దిగుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది, కూలెంట్ చాంబరులోకి చేరుతుంది. మూడోది, గాడిలో కూర్చునే ఓ-రింగులు (O ఆకారపు రబ్బరు రింగులు), ఆయిల్ సీళ్లు. వీటిని కొలత ప్రకారం కొనుక్కోవడమే.

ఇంజెక్టరు కింది రాగి వాషర్లు కొత్తవి వేయడమే మంచిది. దొరక్కపోతే పాతవే మెత్తబరిచి వాడుకోవచ్చు: ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కులా రాగి దీనివల్ల గట్టిపడదు, మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొర శుభ్రం చేసి, మందం అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసి వేయండి. గుంటలు పడ్డవి, సగం అరిగినవి పక్కన పడేయండి.

ఇక షీట్ల సంగతి. అన్నీ ఒక్కసారి కొని పెట్టుకోనక్కర్లేదు, మూడు నాలుగు రకాలుంటే ట్రాక్టర్ మొత్తం గడిచిపోతుంది.

ఆయిల్ తగిలే చోట్లకి, చదును చేసిన పోత ఇనుము ముఖాలకి (రెండు భాగాలు ఒకదానికొకటి ఆనే తలాలకి) ఆయిల్ జాయింటింగ్ పేపర్. 0.25, 0.4, 0.5, 0.8 మి.మీ. మందాల్లో వస్తుంది. మీ టైమింగ్ కవర్‌కి, లిఫ్ట్ పైకవర్‌కి, గేరుబాక్సు పక్కమూతలకి ఇదే. కూలెంట్, వేడి రెండూ తగిలే వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగులకి ఆస్బెస్టాస్ లేని ఫైబర్ షీటు 0.8 మి.మీ. దాకా బాగుంటుంది. మామూలు పేపర్ కూడా నడుస్తుంది కానీ రెండు వైపులా సీలెంటు పలచగా రాయాలి. రేకుతో నొక్కి చేసిన మూతలకి, అంటే టాపెట్ కవర్‌లాంటివాటికి, రబ్బరు కలిసిన కార్కు 3 మి.మీ. దాకా. ఉత్త కార్కు ఎండితే కుంచించుకుపోయి పగులుతుంది, రబ్బరు కలిసింది ఎక్కువకాలం నిలుస్తుంది. ఎగ్జాస్ట్‌కి మాత్రం లోపల చిల్లుల ఉక్కురేకు ఉన్న గ్రాఫైట్ షీటు వాడండి. దాన్ని కోస్తే అంచులు చేతికి గీసుకుంటాయి, గ్లవ్స్ వేసుకోండి.

మీ ఆయిల్ చాంబరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. కారుకి ఉన్నట్టు రేకు చాంబరయితే రబ్బరు కార్కు సరే. కానీ చాలా పాత ట్రాక్టర్లకి విడిగా చాసిస్ ఉండదు. ఇంజను, గేరుబాక్సు, ఇరుసు ఒకదానికొకటి బోల్టు చేసి ఉంటాయి, పోత ఇనుప చాంబరు కూడా ఆ బరువు మోస్తుంది. కొన్నిటికి ముందు ఇరుసు సపోర్టు, వెనక గేరుబాక్సు బోల్టులు కూడా చాంబరుకే పడతాయి. అలాంటి చాంబరుకి మెత్తటి కార్కు వేయకండి. కార్కు నలుగుతూ పోతే బోల్టులు లూజవుతాయి, మందం ఎక్కువైతే వెనక ముఖం బ్లాకుతో సమంగా రాదు, గేరుబాక్సు బోల్టు బెజ్జాలు కలవవు. పలచటి గట్టి పేపరే వేయండి. కలిపేటప్పుడు బ్లాకు వెనక ముఖానికీ చాంబరు వెనక ముఖానికీ అడ్డంగా ఉక్కు స్కేలు పెట్టి సమంగా వచ్చాయో లేదో చూసుకుని అప్పుడు బిగించండి.

మందం గురించి ఇంకో మాట. కారుతుందేమో అన్న భయంతో మందపాటి షీటు తీసుకోకండి. ముఖాలు చదునుగా ఉంటే పలచటిదే బాగా ఆపుతుంది. మందపాటిది వేడికి, వైబ్రేషన్‌కి నలుగుతూ పోయి బోల్టు బిగువు తగ్గిస్తుంది.

చేతికి దొరికిన రబ్బరు ముక్క పెట్టాలనిపిస్తుంది. టైరు ట్యూబు రబ్బరు ఆయిల్‌కి, డీజిల్‌కి తట్టుకోదు, ఉబ్బి మెత్తబడి బయటికి పాకుతుంది. ఈపీడీఎం అనే రబ్బరు కూలెంట్‌కి చక్కగా పనిచేస్తుంది, ఆయిల్ తగిలితే పాడవుతుంది. ఆయిల్‌కి, డీజిల్‌కి నైట్రైల్ రబ్బరు వాడాలి. పెట్రోల్ ట్రాక్టరయితే ఇంధనంలో ఎథనాల్ ఉంటుందని గుర్తుంచుకోండి. పాతకాలంలో కార్కు మీద లక్క పూసి, ఇంధనంలోని మట్టి, నీళ్లు ఆగే గిన్నెల కింద పెట్టేవారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది కాబట్టి ఇప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. అక్కడ వైటాన్ అనే రబ్బరు వేస్తే సమస్య ఉండదు. షీటు ఏమిటో తెలియకపోతే ఒక ముక్క మందం కొలిచి, అది తగలబోయే ద్రవంలోనే మూతపెట్టిన సీసాలో రెండు రోజులు నానబెట్టి మళ్లీ కొలవండి. ఉబ్బినా, జిగటగా అయినా, రంగు దిగినా వద్దు.

డబ్బా అట్ట ఎందుకు వద్దంటే, అది ఆయిల్‌ని పీల్చి అంచుదాకా తెస్తుంది. దాని సాంద్రత ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. దుమ్ము పడకుండా ఉంటే చాలనుకునే మూతలకి వేస్తే వేయండి.

పాత ప్యాకింగు గోకే పని మొదలుపెట్టే ముందు దయచేసి ఇది చదవండి. పాత ఇంజన్లలో హెడ్, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్లలోనూ, బూడిదరంగు గట్టి షీటు ప్యాకింగుల్లోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. చూసి చెప్పలేం, కాబట్టి ఉందనే అనుకోండి. పొడిగా గోకడం, వైరు బ్రష్షుని డ్రిల్లుకి పెట్టి తిప్పడం, ఎయిర్‌తో ఊదడం, ఈ మూడూ చేయకండి. సబ్బు నీళ్లతో బాగా తడిపి, నానాక, చేతి గోకుడుతో తీయండి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు, ఎఫ్ఎఫ్‌పీ3 లేదా పీ100 స్థాయి మాస్కు కావాలి. తీసిన ముక్కలు తడిగా ఉండగానే కవర్లో కట్టి, మీ దగ్గర అలాంటి చెత్త ఎక్కడ తీసుకుంటారో అక్కడ ఇవ్వండి. ఆ ధూళి చేసే హాని ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

అల్యూమినియం ముఖాలకి ఉక్కు గోకుడు వాడకండి, ఇత్తడిదో గట్టి ప్లాస్టిక్‌దో వాడండి. గ్రైండరుకి తగిలించే పీచు డిస్కులు కూడా వద్దు. పని తొందరగా అవుతుంది కానీ అవి రాల్చే గరుకు పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులని తినేస్తుంది. గోకే ముందు లోపలి రంధ్రాలన్నీ ఆయిల్ గుడ్డతో మూయండి. తర్వాత ఎన్ని గుడ్డలు పెట్టారో అన్నీ తీశారో లేదో లెక్క చూసుకోండి.

ఇప్పుడు నమూనా తీయడం. పాత మెకానిక్కులు షీటుని నేరుగా హౌసింగు మీద పెట్టి, గుండు తల సుత్తితో అంచుల వెంట చిన్నగా కొట్టి కోస్తారు. పోత ఇనుము మీద, అంచు పదునుగా ఉంటే బాగానే తెగుతుంది. బెజ్జాల దగ్గర బేరింగు గుండు ఒకటి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా తెగి పడుతుంది, గుండు బెజ్జం కంటే పెద్దదిగా ఉండాలి. అల్యూమినియం మీద మాత్రం ఈ పని చేయొద్దు. అంచు మొద్దుబారుతుంది, తర్వాత ఏ ప్యాకింగు వేసినా అక్కడే చెమర్చుతుంది. ఇనుము మీద కూడా ఇంజను లోపలికి ముక్కలు పడే చోట నేను కొట్టను, మూత విప్పి బల్ల మీద పెట్టుకుని కొడతాను.

నేను ఎక్కువగా చేసేది ఇంకోలా. పలచటి అట్టని ముఖం మీద పరిచి, కదలకుండా టేపు వేసి, గ్రీజు అంటిన వేలితో అంచుల మీద రుద్దుతాను. బెజ్జాలు, అంచులు, ఆయిల్ దారులు అన్నీ నల్లటి గీతల్లా దిగుతాయి. మొదట ఎదురెదురు మూలల్లో రెండు బెజ్జాలు మాత్రమే పంచ్‌తో తీసి, వాటిలో బోల్టులు దూర్చి, అట్ట బిగువుగా ఉన్నాక మిగతావి గుర్తించి తీస్తాను. అన్నీ ఒకేసారి గుర్తిస్తే చివరికి వచ్చేసరికి ఒకటో రెండో మిల్లీమీటర్లు జరిగిపోతుంది. ఆ అట్టని ఇంజనువైపు ముఖం మీద, మూతవైపు ముఖం మీద, రెండిటి మీదా పెట్టి చూడాలి. రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. ఒకవైపు లోపలి అంచు వెడల్పుగా ఉండొచ్చు, ఒకవైపు మాత్రమే చిన్న ఆయిల్ రంధ్రం ఉండొచ్చు.

ఆ చిన్న రంధ్రం సంగతి తేలిగ్గా తీసుకోకండి. హైడ్రాలిక్ కంట్రోల్ వాల్వు కింద ప్యాకింగులో బోల్టు బెజ్జాల మధ్య అగ్గిపుల్ల తల అంత రంధ్రం ఒకటి ఉంటే, అది మూసుకుపోయినా లిఫ్ట్ పనిచేయడం మానేస్తుంది. పంపు విప్పి చూస్తారు, లిఫ్ట్ పిస్టన్ రింగులు మారుస్తారు, అసలు కారణం కాగితంలో లేని రంధ్రం. అందుకే బోల్టు బెజ్జాలకి ఒక గుర్తు, ఆయిల్ దారులకి వేరే రంగు గుర్తు పెట్టుకుంటాను. కోసిన తర్వాత ప్యాకింగుని ముఖం మీద పరిచి ప్రతి రంధ్రంలోంచి సన్నటి తీగ దూర్చి చూస్తాను. ప్రెషర్ ఆయిల్ వెళ్లే రంధ్రం లోహంలో ఉన్నదానికంటే చిన్నది కాకూడదు, పక్క బెజ్జంతో కలిసేంత పెద్దదీ కాకూడదు.

పాత ప్యాకింగు ముక్కలు దొరికితే వాటిని అట్ట మీద పేర్చి టేపుతో అతికించి, పక్కన స్కేలు పెట్టి స్కాన్ చేయడం కూడా మంచి పద్ధతే. ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే సెట్టింగ్ తీసేసి 100 శాతంలో తీయండి. స్కేలు మీది 100 మి.మీ. గీత ప్రింటులోనూ సరిగ్గా 100 ఉందో లేదో కొలవండి. పాత కాగితం ఎండి కాస్త కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి రెండు దూరపు బోల్టుల మధ్య దూరాన్ని ఇంజను మీద కొలిచి సరిచూడాలి. డ్రాయింగు చేసి లేజర్ మీద కోయించాలనుకుంటే పేపర్, కార్కు వరకే. నియోప్రీన్, పీవీసీ, వైటాన్ లాంటివి లేజర్‌లో పెట్టకూడదు, విషవాయువులు వస్తాయి. ఏ రబ్బరో తెలియనిది కూడా పెట్టొద్దు.

కోసే వరుస: ముందు బెజ్జాలు, తర్వాత లోపలి ఖాళీలు, ఆఖరున బయటి అంచు. బయటి అంచు ముందే కోసేస్తే షీటుకి పట్టు పోతుంది, బెజ్జం తీసేటప్పుడు చిరుగుతుంది. పంచ్ కింద గట్టి ఇనుము పెట్టకండి. నిలువు నారు పైకి వచ్చేలా కోసిన చెక్క దిమ్మె గానీ మందపాటి నైలాన్ ముక్క గానీ పెడితే పంచ్ పదును నిలుస్తుంది, బెజ్జం అంచు శుభ్రంగా వస్తుంది. పంచ్ లేకపోతే తగిన సైజు ఉక్కు ట్యూబు చివర బయటివైపు నుంచి ఆకురాయితో పదును పెట్టుకోండి. డ్రిల్లు బిట్టుతో మాత్రం తీయకండి, పేపర్ చుట్టుకుని చిరిగిపోతుంది. బెజ్జం బోల్టు కంటే ఒక మిల్లీమీటరు పెద్దగా ఉంటే చాలు. లోపలి మూలలు కత్తెరతో వంకరగా కోసే బదులు మూలలో చిన్న పంచ్ బెజ్జం పెట్టి అక్కడిదాకా బ్లేడుతో కోస్తే తర్వాత చిరగదు. లోపలి అంచు లోహం కంటే లోపలికి పొడుచుకు రాకూడదు, అలాంటి పేలికలే ఊడి ఆయిల్ జల్లెడలో చేరతాయి.

షీటు చిన్నదై చాంబరుకి ఒకే ముక్క రాకపోతే, రెండు ముక్కలని ఒకదానిలో ఒకటి ఇరుక్కునే పొడవాటి గూటి ఆకారంలో కోసి కలపొచ్చు. అతుకు తిన్నగా ఉన్న చోట రావాలి, మూలల్లో వద్దు. అతుకులో కొద్దిగా సీలెంటు వేయండి.

ఎంత బాగా కోసినా ముఖాలు చదునుగా లేకపోతే ఉపయోగం ఉండదు. రేకు మూతలని ఎవరో ఎప్పుడో ఎక్కువ బిగించి ఉంటారు, బోల్టు బెజ్జం చుట్టూ రేకు గుంటపడి ఉంటుంది. వెలుతురుకి ఎదురుగా పక్కనుంచి చూస్తే కనిపిస్తుంది. చదునైన ఇనుప దిమ్మె అంచున పెట్టి, గుంటని వెనకనుంచి చిన్న సుత్తితో తట్టి సమం చేయండి. టాపెట్ కవర్ కారడానికి నేను చూసినవాటిలో ఎక్కువసార్లు కారణం ఇదే, ప్యాకింగు కాదు. చిన్న పోత మూతలయితే మందపాటి అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి, నూనె చుక్కలు వేసి, 8 ఆకారంలో రుద్దితే ఎక్కడ ఎత్తు ఉందో మెరుస్తూ తెలుస్తుంది. బాడీతో కొలత కలిసే మూతలని, పంపు మూతల్లాంటివి, ఇష్టమొచ్చినంత రుద్దకండి. అక్కడా సందు మారుతుంది.

సిలికాన్ గురించి అడిగారు. రేకు చాంబరుకి పక్క ప్యాకింగులు, ముందు వెనక మెయిన్ క్యాపు (క్రాంక్‌షాఫ్టు బేరింగు మూత) సీళ్లు కలిసే నాలుగు మూలలుంటాయి. అక్కడ చిన్న బొట్టు సిలికాన్ చాలా మంచిది. మిగతా చోట్ల వద్దు. రెండు ముఖాల మధ్య నుంచి పిండుకుని బయటికి వచ్చినంత లోపలికీ వస్తుంది. లోపలిది మీకు కనిపించదు, అది తెగి ఆయిల్ పికప్ జల్లెడకి అడ్డం పడుతుంది. డీజిల్, పెట్రోల్ తగిలే చోట మామూలు సిలికాన్ నిలవదు. కార్కుకి రెండు వైపులా పూస్తే బిగించేటప్పుడు జారి బయటికి వచ్చేస్తుంది. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తుప్పు పట్టిస్తుంది, ఇంజన్లకని చేసినదే తీసుకోండి.

పేపర్ ప్యాకింగుకి నేను గట్టిపడని రకం సీలెంటు మూతవైపు మాత్రమే పలచగా రాస్తాను, ఇంజనువైపు గ్రీజు రాస్తాను. తర్వాత విప్పినప్పుడు ప్యాకింగు చిరగకుండా మూతతో పాటు వస్తుంది. కార్కుని కూడా మూతకి అంటించి ఆరనిచ్చి, పైన గ్రీజు రాసి పెడితే కదలదు. డీజిల్ గిన్నెల దగ్గర ఏమీ రాయను. వాటర్ పంపు బోల్టులు కొన్ని నీటి జాకెట్‌లోకి దిగుతాయి, వాటి మరలకి సీలెంటు రాయకపోతే ప్యాకింగు బాగున్నా బోల్టు వెంట కారుతుంది.

కోసిపెట్టిన పేపర్ ప్యాకింగు రెండు వారాల తర్వాత బెజ్జాలకి కలవకపోతే కంగారు పడకండి, ఎండి కుంచించుకుపోయింది. తడిగుడ్డ మధ్య కాసేపు పెడితే తిరిగి సాగుతుంది. కార్కు కూడా అంతే.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ చేత్తో పట్టించి, పొడవాటి మూతకయితే మధ్యలోంచి రెండు చివరలకి, గుండ్రటిదానికయితే ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. అడుగు మూసుకున్న బోల్టు బెజ్జాల్లో ఆయిల్ నిలిచి ఉంటే ముందే తీసేయండి. బోల్టు దిగేకొద్దీ ఆ ఆయిల్‌కి దారి లేక పోత ఇనుమునే పగలగొడుతుంది. కార్కుని అంచు కొద్దిగా ఉబ్బినట్టు కనిపించగానే ఆపాలి. రబ్బరు నలిగి చిన్నదవదు, పక్కకి పాకుతుంది. ఇంకా బిగిస్తే తెగుతుంది. ఇంజనుని బాగా వేడెక్కేదాకా నడిపి, పూర్తిగా చల్లారాక పేపర్ ప్యాకింగుల బోల్టులు ఒకసారి చూసుకోండి, కొద్దిగా బిగువు తీసుకుంటాయి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. అన్నీ కొత్త ప్యాకింగులు వేశాక కూడా అన్ని చోట్లనుంచీ ఆయిల్ చెమరుస్తుంటే, ప్యాకింగుల మీద అనుమానపడే ముందు బ్రీదర్ (ఇంజను లోపలి గ్యాసు బయటికి పోయే గొట్టం) చూడండి. ఏళ్ల తరబడి నిలబడిపోయిన ట్రాక్టర్లలో బ్రీదర్ గొట్టం మట్టితో, పురుగుల గూళ్లతో, పాత ఆయిల్ జిగురుతో మూసుకుపోయి ఉంటుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి దిగే గ్యాసుకి దారి లేక క్రాంక్‌కేస్‌లో (ఇంజను అడుగు గదిలో) ప్రెషర్ పెరిగి, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడనుంచి ఆయిల్‌ని తోస్తుంది. చాంబరు ప్యాకింగు పదేపదే మార్చి విసిగిపోయిన ఒకాయన ట్రాక్టర్‌కి నేను ప్యాకింగు ముట్టుకోలేదు, బ్రీదర్ విప్పి డీజిల్‌తో కడిగాను, కారడం ఆగింది. ఆయిల్ నింపే మూత తీసి ఇంజను నడుపుతూ చూడండి. పొగ బుసలు కొడుతుంటే, బ్రీదర్ శుభ్రంగా ఉన్నా తగ్గకపోతే, అది రింగుల సమస్య.

మీ నాలుగింటిలో ముందు టైమింగ్ కవర్‌తో మొదలుపెట్టండి, దానికి 0.4 లేదా 0.5 పేపర్ సరిపోతుంది. ఆయిల్ పంపు గానీ దాని దారి గానీ ఆ కవర్‌లోనే ఉన్న ఇంజనయితే పాత మందమే వేయాలి. వాటర్ పంపుకి కోసే ముందు ఇంపెల్లర్ బాడీకి తగలకుండా చేత్తో తిరుగుతుందో లేదో చూడండి. చాంబరు రేకుదా పోత ఇనుముదా, లిఫ్ట్ కవర్ పాత ముక్క ఏదైనా మిగిలి ఉంటే దాని మందం ఎంత, ఈ రెండూ రాస్తే వాటికి ఏ షీటో చెబుతాను. కోసిన నమూనా అట్టలు పారేయకండి. వాటి మీద మోడల్, ఏ మూత, షీటు మందం, ఏది బయటివైపు అన్నవి రాసి దాచండి. అదే మోడల్ బాగుచేసుకునే ఇంకొకరికి అవి పనికొస్తాయి.